ఒంటికాలి పరీక్షకు మా ఊరి పిల్లలు

మా ఊరి బావిలో నేను గాలం వేస్తే చేప నన్నే లోపలికి లాగి, ఇంటి క్షేమసమాచారాలు అడిగి పంపిందని మా శేరిలింగంపల్లిలో ఎవరినడిగినా చెబుతారు. నమ్మి కాదు, నేను చెప్పానని చెబుతారు. అలాంటి మనిషికి నిజం చెప్పాల్సిన అవసరం వస్తే ఎంత కష్టమో నాకు ఆరేళ్ల కిందట తెలిసింది.

అప్పుడు నేను పట్నంలో ఒక ఎముకల దవాఖానలో అటెండరును. రోజూ రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి. అక్కడ కోస్తా నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ, వెన్ను పక్కకు వంగిన, ఎదిగే ఈడు పిల్లల మీద పరిశోధన చేస్తున్నారు. ఆ వంకరను ఆవిడ స్కోలియోసిస్ అనేవారు. తిన్నని వెన్నున్న పిల్లల్లాగా వీళ్లు తూలకుండా నిలబడగలరా అన్నది ఆవిడ ప్రశ్న. పరీక్ష సులువే. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. రెండో కాలు నేల తాకగానే గడియారం ఆపాలి.

ఆ జవాబు నాకూ కావాలి. మా చిన్నబిడ్డకు పద్నాలుగేళ్లు, వెన్ను వంకర. బడిలో డ్రిల్లు జట్టులో చేరతానని పట్టుబట్టింది. డాక్టరు కాగితం ఉంటేనే చేర్చుకుంటానన్నాడు డ్రిల్లు పంతులు. పరీక్షలన్నీ పూర్తయ్యాకే రాస్తానన్నారు డాక్టరమ్మ.

వెన్ను వంగిన పిల్లలు పట్నం బళ్ల నుంచి వచ్చేవారు. పోల్చి చూడటానికి తిన్నని వెన్నున్న పిల్లల్ని తెమ్మని నాకు చెప్పారు. ఎక్కడో వెతకడమెందుకని మా ఊరి ఆడపిల్లల్నే రైలెక్కించాను. గడియారం కూడా నా చేతికే ఇచ్చారు.

మా పిల్లలు కొంగల్లా నిలబడ్డారు.

“ఏమయ్యా, వీళ్లు ఇవాళ కాలు దించరా?” అన్నారు డాక్టరమ్మ.

“మా ఊరి నీళ్లు అసొంటియి, అమ్మా. మా కాడ కోళ్లు గూడ ఒంటికాలి మీదనే గుడ్లు పెడ్తయి.”

ఊరి పరువు కదా, ఒకరిద్దరి కాలు నేల తాకాక కూడా నా బొటనవేలు కాస్త తీరిగ్గానే గడియారం నొక్కింది.

వారం తిరక్కుండానే డాక్టరమ్మ నన్ను పిలిచారు. “వెన్ను వంగినవాళ్లు బాగా వెనకబడ్డారయ్యా. మీ అమ్మాయికి డ్రిల్లు వద్దు.”

ఊరిని గెలిపించబోయి బిడ్డను ఓడించానని అప్పుడు అర్థమైంది.

ఇంట్లో చెబితే బిడ్డ ఏడవలేదు. “బాపూ, నువ్వు తోల్కపోయినోళ్లంత రోజూ నెత్తిమీద రెండు బిందెలు మోసెటోళ్లే గద. నన్నైతే అమ్మ చెంబు గూడ లేపనియ్యదు. మేమెట్ల సమానమైతం?” అంది.

“చేపలతోని మాట్లాడెటోనికి గీ మాట తెల్వలే,” అంది మా ఇంటామె.

మర్నాడు డాక్టరమ్మకు బిందెల సంగతీ, బొటనవేలి సంగతీ చెప్పాను. ఆవిడ నవ్వారు. “ఇది కూడా కోడిగుడ్ల కథేనా?”

“లేదమ్మా, ఒట్టి నిజం. అందుకే మంచిగ చెప్పొస్తలేదు.”

నమ్మలేదు. ఆ మరుసటి రోజు మా ఊరి పిల్లను ఒకతెను తీసుకెళ్లాను. నిండు బిందెలు రెండు నెత్తిన పెట్టుకుని, చేతులు వదిలేసి దవాఖాన మెట్లన్నీ ఎక్కింది. చుక్క తొణకలేదు.

“అయితే ఇన్నాళ్లూ నేను కొలిచింది వెన్నుల్ని కాదు, బిందెల్ని,” అన్నారు డాక్టరమ్మ.

ఆ కొలతలన్నీ పక్కన పెట్టేశారు. ఈసారి రెండు రకాల పిల్లలూ ఒకే బళ్ల నుంచి, ఒకే ఈడువాళ్లు. ఎవరి వెన్ను ఎలాంటిదో తెలియకుండా అందరికీ మెడ నుంచి మోకాళ్ల దాకా వదులుగా దుప్పట్లు కప్పారు. గడియారం ఒక నర్సమ్మకు ఇచ్చి, నన్ను వరండాలో కూర్చోబెట్టి తలుపేశారు.

తేడా ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. “ఇంత కొద్దిమందితో గట్టిగా ఏమీ చెప్పలేనయ్యా. వద్దనడానికి మాత్రం నాకు కారణం కనబడటం లేదు,” అని మా బిడ్డను విడిగా పరీక్షించి కాగితం రాసిచ్చారు. తన నివేదికలో కూడా ఏదీ దాచలేదు. మొదటి కొలతలు పనికిరావనీ, పిల్లల్ని తెచ్చినవాడూ గడియారం పట్టినవాడూ ఒకడేననీ టైపు చేయించారు. నా గురించి టైపులో పడిన నిజం అదొక్కటే.

బడి వార్షికోత్సవం నాడు మా బిడ్డ ముందు వరసలో ఒంటికాలి మీద నిలబడింది. ఎంతసేపని మాత్రం అడగకండి. గడియారం నా చేతిలోనే ఉంది.