మనాంగ్ ఆస్యాంగ్ సన్నాయినొక్కులు

మా ఆపరేషన్ గదిలో మనాంగ్ ఆస్యాంగ్ ఎవరినీ పేరు పెట్టి తప్పు పట్టి ఎరగదు. ఆమె తిట్లన్నీ దీపాలకీ, కిటికీలకీ, గోడమీది గడియారానికీ దక్కేవి. "చూశావా దీపమా, మోచేతులు కూడా చేతుల్లో భాగమేనని కొందరికి వాళ్లమ్మ చెప్పలేదు కాబోలు" అని నెత్తిమీది దీపంతో అనేది. అరకొరగా చేతులు కడుక్కొచ్చిన వాడెవడో గబుక్కున వెనక్కి తిరిగి కుళాయి దగ్గరికి పోయేవాడు. దీపం మాత్రం ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు.

ఆమె అసలు పేరు అనస్తాసియా ఫమాతిద్. మా గదిలో పెద్ద నర్సు. డాక్టరు చెయ్యి చాపితే కత్తో కత్తెరో అందులో పెట్టే పని ఆమెది. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ ఆమె అక్కే, అందుకే అందరూ మనాంగ్ అనేవారు. ఇంట్లోనూ ఆమెది అదే తంతు. మొగుడికి చెప్పాల్సినవన్నీ పెరట్లో పందులకు చెప్పేది. ఆయన చాటు నుంచి విని, ఏమీ విననట్టు వెళ్లి పైకప్పు బాగుచేసేవాడు. వాళ్ల కాపురంలో గొడవలున్నాయో లేదో ఆ పందులకే తెలియాలి.

దీనికో కారణం ఉంది. చిన్న వయసులో, నర్సుగా కొత్తగా చేరినప్పుడు, ఒక పాత డాక్టరుతో అందరి ముందూ "అది తప్పు మందండీ" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పిందట. మందు నిజంగానే తప్పు. రోగి బతికి బయటపడి ఇంటికి పోయాడు, ఈమెను మాత్రం దుప్పట్లు ఉతికే చోటికి పంపారు. సబ్బునీళ్లలో చేతులు నానబెట్టుకుంటూ ఆమె ఒకటే నేర్చుకుంది. నిజాన్ని ఎవరి మొహానా కొట్టకూడదు, పక్క గోడకు కొట్టాలి, అది ఎగిరొచ్చి తగలాల్సిన వాళ్లకు తగులుతుంది.

అసలు మా ఇలోయిలో జిల్లా దక్షిణ తీరంలో మనుషులమే అంత. మేం కోపంతో తిట్టినా జోలపాట పాడినట్టే ఉంటుందని మనీలా వాళ్లు వెక్కిరిస్తారు. పెద్దవాళ్ల తప్పు నలుగురిలో ఎత్తిచూపడం కంటే నలుగురిలో బట్ట జారిపోవడం నయం అనుకునే జాతి మాది. అలాంటి చోట మనాంగ్ ఆస్యాంగ్ సన్నాయినొక్కులు నిజంగా పెద్ద వరం. మేం వాటిని మెచ్చుకునేవాళ్లం, సాయంత్రం టిఫిన్ల దగ్గర ఒకరికొకరం చెప్పుకుని పగలబడి నవ్వేవాళ్లం.

ఒక్కటే చిక్కు. ఏళ్ల తరబడి వినీ వినీ మా అందరికీ చర్మం మందమైంది. ఆమె ఏదన్నా అంటే ముందు ఎవరి భుజాలు వాళ్లు తడుముకోవడం, ఆనక "నన్ను కాదులే, పక్కవాణ్ణి" అనుకోవడం అలవాటైపోయింది.

మనోంగ్ సెవేరో మా ఆసుపత్రికి వచ్చే నాటికి పరిస్థితి ఇదీ.

మనోంగ్ అంటే అన్న. ఆయన కల్లుగీత మనిషి. పొద్దున్నా సాయంత్రం కొబ్బరిచెట్లెక్కి కల్లు దించుకుని బతికేవాడు. ఎడమ గజ్జలో హెర్నియా. నిలబడితే నిమ్మకాయంత ఉబ్బు, పడుకుంటే మాయం. ఆపరేషన్ పొద్దున మనాంగ్ ఆస్యాంగ్ వార్డుకి వెళ్లి పలకరించింది. మాటల్లో ఆయనకు దగ్గొచ్చింది. వెంటనే రెండు చేతులతో ఎడమ గజ్జ అదిమి పట్టుకున్నాడు.

"ఏంటి మనోంగ్, అందులో కల్లుముంత గానీ దాచావా?"

"దాస్తే పసింగ్ ఎప్పుడో తాగేసేది మనాంగ్" అన్నాడు. పసింగ్ ఆయన పెళ్లాం. పక్కనే ఉన్న ఆవిడ మొగుడి తొడమీద ఒక్కటి వేసింది.

ఆ పసింగే మా కొంప ముంచబోయింది పాపం. డాక్టర్ నుఫాబ్లె వచ్చి ఎడమ పక్క నల్ల సిరాతో ఒకదానికొకటి అడ్డంగా రెండు గీతలు గీసి వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే ఈవిడ, మొగుడు ఒంటిమీద మరకతో పెద్దవాళ్ల ముందు పడుకోవడం మర్యాద కాదని, తడిగుడ్డతో శుభ్రంగా రుద్ది చెరిపేసింది. అది చాలదన్నట్టు, వాళ్ల ఊరి మంత్రసాని ఆనక వచ్చి, రోగం ఎడమ నుంచి కుడికి పాకకుండా కాపలాగా, బాగున్న కుడి గజ్జ మీద మసి కొబ్బరినూనెలో కలిపి ఒక శిలువ వేసి వెళ్లింది. ఈ కథంతా మాకు తర్వాత తెలిసింది. ఆపరేషన్ బల్ల ఎక్కేసరికి ఆయనకు ఎడమ పక్క ఏమీ లేదు, కుడి పక్క నల్లటి గుర్తు ఉంది.

నడుముకి మత్తిచ్చింది డాక్టర్ ఫె. నడుము కింద స్పర్శ పోయింది గానీ మనిషి మెలకువగానే ఉన్నాడు, ఛాతీ దగ్గర కట్టిన తెరకి అవతల మాలో మాకు జరిగే మాటలన్నీ వింటున్నాడు. డాక్టర్ నుఫాబ్లె నల్ల గుర్తు చూశాడు, కుడివైపు వెళ్లి నిలబడ్డాడు, అక్కడే మందు పూసి తుడిచాడు. మసి కూడా దాంతోపాటే పోయింది.

కత్తి పట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, రోగి పేరూ, ఏ ఆపరేషనూ, ఏ వైపూ పైకి చదవాలని మాకో నియమం. చదివేది చిన్న నర్సుని, నేను. నియమం బంగారం లాంటిదే, మేమే దాన్ని చర్చిలో జపమాల చేసేశాం. ముసలమ్మ గడగడా చదువుతుంటే వెనక వాళ్లు ఆవలిస్తూ ఆమెన్ అంటారే, అలాగ. "సెవేరో నొబ్లెజా, హెర్నియా, ఎడమవైపు" అని నేను రాగం తీశాను. "ఊఁ" అంది డాక్టర్ ఫె. "ఊఁ, ఊఁ, దీపం కాస్త కుడి పక్కకి తిప్పండి" అన్నాడు కుడివైపు నిలబడ్డ డాక్టర్ నుఫాబ్లె. చదివిన నేనైనా తలెత్తి చూస్తేగా.

చూసింది మనాంగ్ ఆస్యాంగ్ ఒక్కతే. చూడగానే ముసుగు పైన ఆమె కళ్లు పెద్దవయ్యాయి. కళ్లు పెద్దవైనా నోరు మాత్రం పాత దారే పట్టింది.

"దీపమా" అంది తియ్యగా, "కొందరు వెళ్లొద్దన్న వైపే వెళ్తారు కదూ?"

గదిలో ఎవరి భుజాలు వాళ్లం తడుముకున్నాం. డాక్టర్ ఫె మొహం ఎర్రబడింది. డ్యూటీలో నూడుల్స్ తింటే రోగులు నూడుల్స్ అంత పొడుగ్గా బారులు తీరతారని మాకందరికీ నమ్మకం. ఆవిడ పొద్దున్నే వంటగది వైపు వెళ్లి చాటుగా ఒక గిన్నెడు లాగించి వచ్చింది. నేనేమో అంబులెన్సు షెడ్డు వైపు ఎక్కువగా వెళ్తున్నానని దెప్పుతోందనుకుని తల దించుకున్నాను. ఆ డ్రైవరు నవ్వు బాగుంటుంది, అది వేరే సంగతి. డాక్టర్ నుఫాబ్లె అయితే కిసుక్కుమని నవ్వాడు.

"కోడిపందేల వైపు వెళ్లానని మా ఆవిడ నీక్కూడా చెప్పిందా మనాంగ్? నా కోడే గెలిచింది, అది చెప్పిందా మరి?"

"గెలిచిన కోడికి కూడా కుడీ ఎడమా తెలుసట గడియారమా" అంది మనాంగ్.

"అదీ మాటంటే!" అని డాక్టరు మళ్లీ నవ్వి, చెయ్యి చాపాడు. "కత్తి."

ఆమె కత్తి ఇవ్వలేదు. పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడింది. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. ఇంకోసారి గోడకు చెప్పే టైము లేదు. సూటిగా చెబితే తెర అవతల రోగి వింటాడు, సాయంత్రానికల్లా డాక్టరు పరువు చేపల బజారుకెక్కుతుంది. సబ్బునీళ్ల వాసన ఆమె ముక్కుకి తగిలిందని ఇప్పటికీ చెబుతుంది. చాలా భయపడింది. ఆ ముసుగు పైన కళ్లలో నీళ్లు నేను చూశాను.

"నుఫాబ్లె డాక్టరుగారూ" అంది, దీపం వంక కాదు, ఆయన కళ్లలోకి చూస్తూ. "ఇది తప్పు వైపు. హెర్నియా ఎడమ పక్క. ఆగండి."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "గుర్తు ఇటే ఉంది కదా, నా కళ్లతో చూశాను" అని గొణిగాడు. నేను కాగితం చూసి "ఎడమే డాక్టరుగారూ" అన్నాను, ఈసారి రాగం లేకుండా. డాక్టర్ ఫె తెర అవతలికి వంగి, "మనోంగ్, మీకు నొప్పి ఏ పక్కండీ?" అని అడిగింది. అంత తేలికైన ప్రశ్న అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

"ఎడమ పక్కేనమ్మా" అన్నాడు మనోంగ్ సెవేరో ఎంతో వినయంగా. "ఇందాక ఎడమ అని చదివారు, ఆనక దీపం కుడి పక్కకి తిప్పమన్నారు. అటు మొదలుపెట్టి మెల్లగా ఇటు వస్తారేమోలే అనుకున్నా. చదువుకున్నోళ్లు, అడిగితే బాగోదు కదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు మాకు. డాక్టరు మాత్రం చేతులు ముడుచుకుని బల్ల చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చాడు. మళ్లీ మొదటినుంచీ తుడిచాం, మళ్లీ చదివాం. ఈసారి ఎవరి వాక్యం వాళ్లం పూర్తిగా చెప్పాం, రోగితో సహా. ఆపరేషన్ చక్కగా జరిగింది.

అయ్యాక మనాంగ్ ఆస్యాంగ్ వంటగదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. దుప్పట్లు ఉతకడానికి ఈ వయసులో నడుం వంగదంది. డాక్టర్ నుఫాబ్లె అన్నం గిన్నె పట్టుకుని లోపలికొచ్చాడు. నేనూ డాక్టర్ ఫె జారుకోబోతే "ఉండండి" అన్నాడు.

"మనాంగ్, తప్పని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మీరు కుడి పక్క మందు పూసినప్పుడే."

"మరి కత్తి దాకా ఎందుకు రానిచ్చావు?"

"మీరు నొచ్చుకుంటారని" అంది ముక్కు తుడుచుకుంటూ.

"నేను నొచ్చుకుంటే ఒక పూట అన్నం మానేస్తాను మనాంగ్. ఆయన్ని రెండు పక్కలా కోసుంటే చెట్టెక్కడం మానేసేవాడు. ఇకమీదట ఏదున్నా నా మొహానే చెప్పు."

మనాంగ్ ఆస్యాంగ్ ఏడుపు టక్కున ఆగింది. ఆయన్ని ఎగాదిగా చూసింది. పక్కనున్న కుర్చీని కాలితో ముందుకు తోసింది.

"అయితే కూర్చోండి డాక్టరుగారూ. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. మొదటిది, మీరు ఎదుటివాళ్ల మాట అస్సలు వినరు. 'ఊఁ' అంటారంతే."

"ఊఁ" అనబోయి డాక్టరు ఆగిపోయాడు. గిన్నె పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆ పూట ఆయన అన్నం చల్లారిపోయింది, అయినా లేవలేదు.