అమ్మ కొంగున ఫ్యూజు

నా చిన్నప్పుడు, కాముని పున్నమికి ముందటి ఆదివారం, పొద్దున పది గంటలకు మా అమ్మ పగ తీర్చుకోవడం మొదలుపెట్టింది.

ఆర్మూరులో మా పాత ఇల్లు పంచుకున్నప్పుడు నడుమ గోడ లేచింది. కరెంటు మీటరు పెదనాన్న వైపే ఉండిపోయింది. మా బల్బు స్విచ్చు కూడా అటే. ఎవరినీ పిలవకుండా ఆయన సొంతంగా బిగించుకున్న చెక్కబోర్డు మీద, ఆయన టేబుల్ ఫ్యాను ప్లగ్గు పక్కనే ఉండేది. మా మీద కోపం వచ్చినప్పుడల్లా, మేము అన్నం ముందు కూర్చోగానే, టక్కున ఆర్పేవాడు. "కరెంటు మాది, చీకటి మీది!" అని గోడ అవతల నవ్వేవాడు. పసుపు ఉడకబెట్టి వచ్చిన చేతులతో అమ్మ చీకట్లోనే మాకు ముద్దలు కలిపేది. ఆమె పళ్లు కొరకడం నాకు వినిపించేది.

చివరికి మాకు వేరే మీటరు వచ్చింది. డిచ్‌పల్లిలో వైరింగ్ పని చేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఆ ఆదివారం వచ్చి మా గోడకు స్విచ్చూ ప్లగ్గూ కలిసిన కొత్త బోర్డు బిగించాడు. పాత తీగ తెంపడానికి పెదనాన్న ఇంట్లోకి పోయాం. అక్కడి బోర్డు విప్పిన మామ ముఖం మారిపోయింది.

"బావా, అన్ని స్విచ్చులు బంద్ చెయ్యి జర."

పెదనాన్న నొక్కి, "అయింది పో. వైర్‌మన్‌వి, నీకు గూడ భయమేనా?" అన్నాడు.

మామ టెస్టర్‌ను ఫ్యాను ప్లగ్గులో పెట్టాడు. ఎర్రగా వెలిగింది. కరెంటు వచ్చే తీగకు పెట్టాల్సిన స్విచ్చును పెదనాన్న తిరిగిపోయే తీగకు పెట్టాడు. బల్బు ఆరుతుంది, ఫ్యాను ఆగుతుంది, కరెంటు మాత్రం అక్కడే కాచుకుని ఉంటుంది. వదులైందేమోనని మా అమ్మ తడి చేత్తో మా ఇంటి బల్బును ఎన్నిసార్లు తిప్పిందో!

పెద్దమ్మ తన చిన్నబిడ్డను చంకకెత్తుకుంది. ఆ పిల్ల రోజూ ఆ ప్లగ్గు దగ్గరే ఆడేది. "తమ్మీ, మాది గూడ సక్కగ చెయ్యి నాయనా."

మామ అమ్మ వైపు చూశాడు. వద్దనమని నేను కొంగు లాగాను.

"చేస్తడక్కా, పిల్ల తిరిగే ఇల్లు," అంది అమ్మ. "గని పనయ్యేదాంక ఫ్యూజు నా దగ్గరుంటది." వాళ్ల మీటరు దగ్గరి ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంది.

మామ పొద్దూకేలోపే పని ముగించాడు. అమ్మ ముడి విప్పలేదు. కొత్త బల్బు కింద తమ్ముడికి పీట వేసి, కోడికూర కొసరి కొసరి వడ్డించింది.

"మరదలా, ఫ్యూజియ్యవా? చీకటైంది," గోడ అవతల పెదనాన్న.

"చీకటి మీదే గద బావా! మమ్ముల తిననియ్యి."

గిన్నెలు కడిగి బోర్లించాకే ఇచ్చింది.

అక్షరాలు నేను పెద్దయ్యాకే నేర్చుకున్నాను. టెస్టర్ వెలుగు చదవడం మాత్రం ఆ రోజే వచ్చింది. ఇప్పటికీ ఆరిన బల్బును నమ్మను, నవ్వే చుట్టాన్నీ నమ్మను. పగ తీర్చుకోవాల్సి వస్తే, ముందు వాళ్ల పిల్ల చెయ్యి పడే చోటు సరిచేయిస్తాను. ఆ తర్వాతే కొంగు ముడి.

ఆ రోజు అక్కడ ఉన్నది అమ్మ, మామ, పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ల చిన్నబిడ్డ, నేను. నాన్న పసుపు కళ్లం దగ్గరే ఉండిపోయాడు. ఆయనుంటే అన్నను చీకట్లో కూర్చోనిచ్చేవాడు కాదు. అమ్మకు అది తెలుసు. అందుకే నాన్న ఇంట్లో ఉండని ఆ ఆదివారమే తమ్ముణ్ణి పిలిపించింది.