వియ్యపురాలితో మడ బురదలో

పెళ్ళయిన మూడో నెలలో మా అమ్మాయి అత్తగారు ముక్తేశ్వరం నుంచి మొదటిసారి ఒక్కరే మా ఇంటికి వచ్చారు. శనివారం సాయంత్రం. సంచీ నిండా పనసపొట్టు తెచ్చారు. ఆవిడ సోఫా అంచున కూర్చుంటే నేను కుర్చీ అంచున కూర్చున్నాను.

చిక్కేమిటంటే, మర్నాడు పొద్దున్నే నేను అల్లవరం వైపు వెళ్ళాలి. అమలాపురంలో మా వీధివాళ్ళం కొందరం కలిసి, చెత్త పోసే ఖాళీ స్థలాన్ని బాగుచేసి తోటకూర, బెండ పెంచాం. ఆ ఊపులోనే సముద్రపు పాయ ఒడ్డున మడ మొక్కలు నాటేవాళ్ళతో చేరాం. తుపాను అలల జోరు తగ్గించే చెట్లవి. కొట్టేసినచోట మళ్ళీ నాటుతున్నారు.

"మీరు వచ్చేరు కదండీ, రేపు నేను మానేస్తాలెండి" అన్నాను.

"అయ్యో, నా గురించి మానేయడమేంటండీ వదినగారూ! నేనూ వస్తానండి."

నేను వద్దంటానని ఆవిడ, ఆవిడ మనసు మార్చుకుంటారని నేను. ఆ ఆశతోనే తెల్లారి ఇద్దరం ఆటో ఎక్కేశాం. ఆవిడ గులాబీరంగు వెంకటగిరి చీరలో ఉన్నారు. వియ్యాలవారింటికి ఎవరైనా పాత చీరలు తెచ్చుకుంటారా? నాది ఇద్దామంటే, వియ్యపురాలికి పాతచీర పెట్టిన మనిషినని పేరొస్తుందని ఇవ్వలేదు.

మేం వెళ్ళేసరికి పాయలో నీళ్ళు వెనక్కి తగ్గి, ఒడ్డంతా నల్లటి బురద తేలింది. మా చేత మొక్కలు నాటించే రిటైరైన సైన్సు మేష్టారు గట్టు మీంచి కేకేశారు: "బురదలో ఆగకండమ్మా! ఆగితే దిగిపోతారు!"

చెప్పులు విడిచి, మొక్కల సంచీ పట్టుకుని దిగాం.

"మీరు ముందు నడవండి వదినగారూ" అన్నాను.

"అబ్బే, మీరు నడవండి."

"పెద్దవారు, మీరే నడవాలండీ."

ఈ మర్యాదల్లో ఇద్దరం ఆగిపోయాం. చూసుకునేసరికి మోకాళ్ళ దాకా బురద.

"వదినగారూ, నేను దిగిపోతున్నానండీ" అన్నాను.

"ఆయ్, నేనూ అదే పనిలో ఉన్నానండి."

నన్ను లాగుదామని ఆవిడ చెయ్యిచ్చారు. నేను పట్టుకోగానే ఆవిడ కాలు జారింది. నేను వెల్లకిలా పడ్డాను, ఆవిడ నా మీద పడ్డారు. చుట్టూ నాటుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. అయిపోయింది, పిల్ల కాపురానికి ఎసరు పెట్టానని అనుకున్నాను.

ఆవిడ తలెత్తి, నోట్లో మట్టి ఉమ్మి, నా మొహం చూశారు. అంతే, కుక్కర్ విజిల్ వేసినట్టు నవ్వు. ఆ నవ్వు విని నాకూ ఆగలేదు. నవ్వేకొద్దీ ఇంకా దిగిపోతున్నాం, దిగేకొద్దీ ఇంకా నవ్వొస్తోంది. పక్కనున్న రొయ్యల చెరువు కాపలాదారు ఒక బల్ల తెచ్చి మా ముందు వేశాడు.

"పైకి రండమ్మా" అన్నారు మేష్టారు.

"మేం రామండి! మొక్కలే ఇలా పంపండి!" అని కేకేశారు మా వియ్యపురాలు.

బల్ల మీద బోర్లా పడుకుని, దాన్ని జరుపుకుంటూ చుట్టూ నాటుకుంటూ వెళ్ళాం. చిన్న చిన్న పీతలు మా వేళ్ళ పక్క నుంచి పరిగెత్తాయి. ఆవిడ ఒక్కో మొక్కనీ గుంటలో పెట్టి, "సముద్రుడు గారూ, మా పిల్లండీ, గారంగా పెరిగింది, ఏమీ అనకండి" అంటూ అప్పగింతలు పెట్టారు. కూతురి అప్పగింతల్లో కొంగు తడిసేలా ఏడ్చినదాన్ని, ఇక్కడ పక్కటెముకలు నొప్పెట్టేలా నవ్వాను.

"వదినా, ఆ మొక్క ఇలా ఇవ్వవే!" అన్నారు ఒకసారి. అనేశాక గభాలున నాలిక కరుచుకుని, "ఇవ్వండి" అని దిద్దుకున్నారు. నేను మొక్క దాచేసి, మొదటిదే బాగుందన్నాను.

కడుక్కున్నా వదలని బురదతో, గోనెసంచులు పరిచిన ఆటోలో తిరిగి వస్తుంటే అమ్మాయి వీడియో కాల్ చేసింది. "అమ్మా, అత్తయ్యగారిని జాగ్రత్తగా చూసుకుంటున్నావా?" అంది. నేను ఫోన్ ఆవిడ వైపు తిప్పాను. "అమ్మా, ఎవరావిడ?"

ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. మా నవ్వు చూసి ఆటో అతను కూడా బండి పక్కకి ఆపుకుని నవ్వాడు.

మేం నాటినవాటిలో చాలా మొక్కలు పోటుకి కొట్టుకుపోయాయి. కొన్ని నిలబడి చిగుళ్ళు వేశాయి. మళ్ళీ నాటడానికి వెళ్ళినప్పుడు ఆవిడ చీర మీద వాళ్ళాయన, అదే మా అన్నయ్యగారి పాత చొక్కా తొడుక్కుని, ముక్తేశ్వరం నుంచి ఇద్దరు పొరుగింటి ఆడవాళ్ళని కూడా వెంటబెట్టుకొచ్చారు.