దేవసహాయం సారు కేక

మా ఇంటి వెనక పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుకునే స్థలం ఒకటుంది. సాయంత్రమైతే బంతి నేలకు కొట్టుకునే చప్పుడు వంటింటి దాకా వినిపిస్తుంది. దానికి అలవాటు పడిపోయాను. కానీ అప్పుడప్పుడు ఇంకో చప్పుడు వస్తుంది. పైకి లేచిన బంతిని ఎవడో అరచేత్తో ఫట్టున కొడతాడు, వెంటనే ఈలలు, అరుపులు. అది వినగానే చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేస్తాను. ‘మళ్లీ ఏమైంది మీకు?’ అంటుంది మా ఆవిడ. ఏం చెప్పను? ఆ ఈలల వెనక ఎవరైనా కిందపడ్డ చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించుకుని నిలబడతాను.

డెబ్బైల చివర నేను నంద్యాలలో డిగ్రీ చదివాను. మాది చాగలమర్రి. ఆరడుగుల రెండంగుళాల పొడుగు తప్ప నాలో చెప్పుకోదగ్గది ఏమీ ఉండేది కాదు. కాలేజీలో చేరిన మొదటివారమే వ్యాయామం నేర్పే దేవసహాయం సారు నన్ను వరండాలో ఆపి, కింది నుంచి పైదాకా చూశాడు. ‘ఏమప్పా, వాకిట్లో తల తగలకుండా వంగి పోతాండావే, యా ఊరు నీది?’ అన్నాడు. చెప్పాను. ‘రేపు పొద్దున ఆరింటికి బాస్కెట్‌బాల్ కోర్టు కాడికి రా.’ అంతే. ఇష్టమా కాదా అని అడగనైనా లేదు. సారు పొట్టి మనిషి. ఆదివారం చర్చికి ఎంత శుభ్రమైన తెల్లబట్టల్లో వెళ్లేవాడో, రోజూ కోర్టుకూ అంత శుభ్రంగా వచ్చేవాడు. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, ప్రశ్నలు వేసేవాడు. తిట్లే నయమనిపించేది.

మాది నాపరాళ్లు పరిచిన కోర్టు. ఎండాకాలం పెనంలా కాలేది, పడితే తోలు లేచిపోయేది. అక్కడ నాకు తొందరగా పట్టుబడిన విద్య ఒక్కటే, ఎదుటివాడు వేసే బంతిని గాల్లోనే కొట్టేయడం. అబ్బ, ఆ సంబరం ఏమని చెప్పను! బంతి ఎగిరి జనంలో పడేది. చుట్టూ ఉన్నవాళ్లు తువ్వాళ్లు పైకి విసిరేవాళ్లు. బాస్కెట్ వేసినవాడికి కూడా అంత గోల చేసేవాళ్లు కాదు. ఒకరోజు అలాగే కొట్టి రొమ్ము విరుచుకుని నిలబడితే సారు ఈల ఊది ఆట ఆపాడు.

‘బంతి యాడికి పాయ?’

‘బయటికి పోయింది సార్.’

‘ఇప్పుడు ఎవురికిస్తారు?’

‘వాళ్లకే సార్.’

‘మళ్లా నువ్వు చేసిందేంది?’

జట్టంతా నవ్వింది, సారు నవ్వలేదు. మర్నాటి నుంచి నా అరచేతులకు సుద్దపొడి రాసి ఆడించడం మొదలుపెట్టాడు. ఆట అయ్యాక నా ఎదుటివాణ్ణి పిలిచి వాడి మోచేతులు, మణికట్లు తిప్పి చూసేవాడు. బంతి మీద తెల్లమరక ఉంటే సరే. మనిషి మీద ఉంటే కోర్టు చుట్టూ పది రౌండ్లు పరుగు. మొదటి నెలంతా పరుగులోనే గడిచింది నా బతుకు.

‘నువ్వు దుంకినావనుకో, మళ్లా కిందికొచ్చేదాకా నువ్వు లేనట్టే లెక్క. వాడు బంతి ఏసినట్టు చేసి నీ పక్కన దూరి పోతాడు’ అనేవాడు సారు. ‘చెయ్యి తగిల్తే ఫౌలు. నువ్వు వాని కాళ్ల కిందికి పోతే వాని నడుమిరుగుతాది. చేతులెత్తి అడ్డం నిలబడు, సాలు. అడ్డం పడొద్దు.’

‘అయితే అసలు దుంకనే గూడదా సార్?’ అని ఒకసారి ఉక్రోషంగా అడిగాను.

సారు అబద్ధం చెప్పి ఊరుకోబెట్టే మనిషి కాదు. ‘ఒక్కసారి సుబ్బరంగా ఆపితివంటే వాడు మళ్లా పదిసార్లు జంకుతాడు. అది నిజమే. అందుకే అది అంత ఆశ పెడతాది. దుంకాల్సొస్తే నేను చెప్తా. నేను చెప్పకుండా దుంకొద్దు.’

రెండేళ్లలో ఆయన ఒక్కసారి కూడా దుంకమనలేదు. నేను చేతులెత్తి నిలబడటం నేర్చుకున్నాను. జనానికి నా ఆట చప్పబడింది, తువ్వాళ్లు ఎగరడం తగ్గింది. మేం గెలవడం మాత్రం ఎక్కువైంది.

చివరి ఏడు, కాలేజీల పోటీలో ఆఖరి ఆట మా కోర్టులోనే పడింది. ఎదుటి జట్టు ఆళ్లగడ్డది. అందులో వీరాచారి అని ఒకడుండేవాడు. వాళ్ల నాయన రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. వీడూ సెలవుల్లో ఉలి పట్టేవాడు. ఆ చేతిలో ఏముందో గానీ, మణికట్టు అలా విదిలిస్తే బంతి వలను కదిలించకుండా దిగేది. ఆట ముగియడానికి కొన్ని క్షణాలున్నాయనగా మేం ఒక పాయింటు పైన ఉన్నాం. వీరాచారి నన్ను దాటి కుడివైపు నుంచి లేచాడు. నేను వెనకబడ్డాను. నిలబడితే బంతి పడుతుంది, ఓడిపోతాం. దుంకాను. బంతి నా అరచేతికే తగిలింది, శుద్ధంగా. కానీ నా మోకాలు వాడి కాళ్ల కిందికి పోయింది. వాడు కుడిచెయ్యి ఆనించి నాపరాయి మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెఫరీ ఫౌలు ఇవ్వలేదు, టైమైపోయింది. మావాళ్లు నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. అంత ఎత్తు నుంచి చూస్తే, వీరాచారి తన చేతిని ఎవరిదో వస్తువులా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

వాణ్ణి ఆస్పత్రికి పంపాక సారు నా దగ్గరకొచ్చాడు. ‘నీ తప్పు లేదప్పా. దుంకమని అరిచింది నేను. ఆశ పడితి’ అన్నాడు. సారు అరిచాడని నాకు అప్పటిదాకా తెలియదు! ఆ కేక నా చెవిన పడలేదు. నా అంతట నేనే దుంకాను. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను, తెరిచి మూసుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తర్వాత సారు నన్ను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. వీరాచారి తండ్రి రాతిపొడి దులుపుకుంటూ బయటికొచ్చాడు. కోపం చేసుకోలేదు. ‘కుడిచెయ్యి సారూ అది. ఆ చెయ్యి లేకుంటే మావోనికి ఏముంది?’ అన్నాడు.

‘తప్పు నాది ఆచారీ. నేను అరవకపోతే ఈ పిల్లోడు దుంకేవాడే కాదు. నన్నేమన్నా అను’ అన్నాడు సారు, చేతులు జోడించి.

నేను పక్కనే ఉన్నాను, ఆరడుగుల రెండంగుళాల మనిషిని.

వీరాచారి ఎముక అతుక్కుంది గానీ మణికట్టు తిరగలేదు. సుత్తి పట్టలేకపోయాడు. అంగట్లో కూర్చుని తండ్రి చెక్కిన విగ్రహాలు అమ్మేవాడు. నేను ఊరికి పోవాలంటే ఆళ్లగడ్డ దాటక తప్పదు. ఒకసారి బస్టాండులో నన్ను చూసి వాడే పలకరించాడు. ‘నీ చెయ్యి బంతికే తగిలిందిలేప్పా, నేను చూసినా. మంచి బ్లాకు’ అన్నాడు. వాడు నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

సారు ఆ తర్వాత ఆట జరుగుతుంటే నోరు విప్పలేదు. గెలిచినా ఓడినా బెంచీ మీద పెదాలు బిగించి కూర్చునేవాడు. కొత్త పిల్లలు ‘మూగ సారు’ అని పేరు పెట్టారు. రెండేళ్లకు జట్టునే వదిలేసి, పొద్దున డ్రిల్లు మాత్రం చేయించేవాడట. ఇలాంటివి విన్న ప్రతిసారీ, ఈసారి వెళ్లి చెప్పేస్తాను అనుకునేవాణ్ణి. కోయిలకుంట్లలో టీచరుగా చేరాను, పెళ్లి చేసుకున్నాను, వెళ్లలేదు.

ఎనభైల చివర, సారు రిటైరై సొంతూరు కొత్తపల్లెలో జబ్బుగా ఉన్నాడని తెలిసి మా ఆవిడతో కలిసి వెళ్లాను. మధ్యాహ్నం వేళ. మనిషి మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. సారు భార్య, మా ఆవిడ పక్కనే కూర్చున్నారు. ‘ఈ పిల్లోడు నా మాట దాటనోడు’ అని మా ఆవిడకు నన్ను పరిచయం చేశాడు. కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నాడు.

‘ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ పొద్దు నా కేక ఇని దుంకితివా, నీ అంతట నువ్వే దుంకితివా?’

పదేళ్లుగా ఆ ప్రశ్న ఆయన్ను తింటోందని అప్పుడు అర్థమైంది. ‘మీ కేక విని కాదు’ అనే మాట కోసం ఆయన ఎదురుచూస్తున్నాడు. నా భార్య నావైపు చూస్తోంది. మాట దాటనివాడు అన్న ఆ ఒక్క మెచ్చుకోలు పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు.

‘మీ కేక వినే సార్’ అన్నాను.

సారు తల ఊపాడు. ‘అంతేలే. నేను అరవకుండా ఉండాల్సింది’ అన్నాడు, నా చెయ్యి మెల్లగా వదిలేసి.

మరుసటి నెలలో ఆయన పోయాడు. ముప్పై ఏళ్లు దాటింది. బడిలో నేనూ పిల్లలకు ఆట నేర్పాను, అడ్డం నిలబడమనే చెప్పాను, ఒక్కణ్ణీ దుంకనివ్వలేదు. దానివల్ల ఆయనకేం ఒరిగింది? ఆ కేక నేను వినలేదు సార్. చెప్పాల్సిన రోజున మీకు చెప్పలేక, మీరెవరో తెలియనివాళ్లకు చెప్పుకుంటున్నాను.