జంపఖానా మీద చర్చలు

కొత్తవాడలో మా పక్కింటి కాక జంపఖానాలు నేసేవాడు. వెడల్పు జంపఖానా నేయాలంటే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కొడుకు ఏటూరునాగారం అడవుల్లో అన్నలతో కలిసిపోయాక, కాక ఒక్కడే కాసేపు గోడ పక్కనా కాసేపు వాకిలి పక్కనా కూర్చుని నేసేవాడు.

ఆ ఎనభైల్లో వాడంతా ఒకటే చర్చ. ముందు పోలీసు క్యాంపులు ఎత్తేయాలా, ముందు అన్నలు తుపాకులు దించాలా? ఛాయ్ తాగిన ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉండేది. కాకకు రెండుండేవి. గోడ పక్కన కూర్చుంటే, "తుపాకులు పెట్టేసి సర్కారుతోని మాట్లాడాలె" అనేవాడు. వాకిలి పక్కకు జరగ్గానే, "క్యాంపులు లేవకుంటే ఎట్లొస్తరు? కాల్చి పారేస్తరు గదా" అనేవాడు. ప్రభుత్వం మారాలంటే ఐదేళ్లు పడుతుంది, కాక మారడానికి జానెడు నేత చాలని మేం నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు అడిగేశాను. "ఇంతకు వీటిల నీ మాట ఏది కాకా?"

"గోడ పక్కన కూసోని అనేది నా మాట. వాకిలి పక్కది మా పోరడు కూసునే జాగ. ఆడ కూసున్నప్పుడు వాడు ఏమంటడో అది అంటాన."

"మరి ఎవలు గెలుస్తాండ్రు?"

కాక తెగిన దారం ముడేసుకున్నాడు.

"ఇంట్ల ఉన్నప్పుడు ఒక్కనాడు గెల్వనియ్యలే. ఇప్పుడు రోజు వాన్నే గెలిపిస్తాన. గెలిచినోనికి ఇంటికి రానీకి నామోషీ ఉండది గదా."