చింతలగట్టు పంచాయతిలో ఐదో మనిషి

పోలీస్ యాక్షన్ అయిన మూడో నాలుగో ఏట, మంచి ఎండాకాలంలో, బీరన్న గొర్రెల మంద శంకరప్ప పటేల్ మిరపతోటలో పడింది. తాండూరు నుంచి బొంరాస్‌పేటకు పోయే బాటలో ఉంటుంది మా చింతలగట్టు. ఆ ఊళ్లో పటేల్ మాటే మాట. మందనంతా బందెలదొడ్డిలోకి తోలించి తాళం వేయించాడు. చేలో పడ్డ పశువులను కట్టేసే రాతిగోడల దొడ్డి అది. లోపల చెట్టు లేదు, నీటితొట్టి లేదు. తాళంచెవి మొలకు కట్టుకొని పటేల్ తాండూరులో పెళ్లికి పోయాడు.

బీరన్న, అతని భార్య నాగవ్వ కడవలతో నీళ్లు తెచ్చి గోడ మీది నుంచి దించబోతే కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు. పటేల్ పెళ్లి భోజనాలు ముగించుకొని తిరిగొచ్చేసరికి గొర్రెపిల్లలన్నీ చచ్చాయి. తల్లుల్లో లేచి నడవగలిగినవి కొన్నే.

"గొర్లే కద, మళ్ల ఈన్తయ్. ఇగనన్న నా తోట దిక్కు రాకు" అన్నాడు పటేల్.

బీరన్న అటు తర్వాత మంద వెంట పోలేదు. వానలు పడకముందే షోలాపూర్ మిల్లులో పనికని పోయాడు. అక్కడ జ్వరం వచ్చి చనిపోయాడు. తోటివాడొకడు అతని గొంగడి తెచ్చి నాగవ్వ చేతిలో పెట్టాడు. ఆమె ఏడవలేదని ఊరంతా చెప్పుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత నేనే ఆ మాట అడిగాను. "ఏడిస్తే కడుపుల మంట సల్లారుతదని భయపడ్డ, పంతులూ" అన్నది.

నేను ఆ ఊరి బడిలో పంతుల్ని. పంచాయతి వచ్చాక మీటింగుల్లో రాతపని కూడా నా మీదే పడింది.

పటేల్ అప్పటికి నిజాం కాలపు రూమీ టోపీ తీసి కాంగ్రెస్ తెల్లటోపీ పెట్టుకున్నాడు. అరవై నాలుగులో సర్పంచ్ అయ్యాడు. ఆడవాళ్ల సీటుకు ఒక మనిషి కావాల్సి వస్తే నాగవ్వ పేరు అతనే చెప్పాడు. "మొగడు లేని మనిషి. మాట మాట్లాడది. ఏలుముద్ర ఏస్తది" అన్నాడు నా ముందే. నాగవ్వ ఒప్పుకుంటే కురుమవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆమె మరిది వరస బాలప్ప ముఖం మీదనే అడిగాడు: "వదినే, గా మనిషి ముంగట ఎట్ల కూసుంటవ్?"

"దగ్గర కూసుంటెనే గద కనవడేది" అన్నది.

రెండేళ్లు ఆమె పటేల్ అడిగినప్పుడల్లా వేలుముద్ర వేసింది. అతను ఆమెను పూర్తిగా మరిచిపోయాడు.

తాండూరులో నాపరాళ్ల వ్యాపారి రాధాకిషన్ సేట్ మా ఊరి గుట్టను చూసి మనసుపడ్డాడు. గుట్ట ఊరుమ్మడిది, గొర్రెలకు అదొక్కటే మేత. పంచాయతి తీర్మానం చేసిస్తే గని తవ్వుతాననీ, రాయి మోసే పని పటేల్‌కే ఇస్తాననీ సేట్ చెప్పాడు. పటేల్ బావి కింది పొలం అమ్మేసి, బామ్మర్దితో వాటా కలిసి లారీ కొన్నాడు. ఊరి నడుమ దాన్ని నిలబెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

మీటింగ్ రోజున సమితి ఆఫీసరు కూడా వచ్చాడు. సభ్యులు మొత్తం ఏడుగురు. పటేల్, అతని బామ్మర్ది, ఇద్దరు చుట్టాలు ఒక వైపు. నాగవ్వ, బాలప్ప, మాలవాడ నుంచి గెలిచిన మత్తయ్య మిగిలినవాళ్లు. ఓటు పెడితే నలుగురు గెలుస్తారు. అందులో అనుమానం లేదు.

ఆఫీసరు తలలు లెక్కపెట్టి, "ఉమ్మడి భూమి సంగతి కాబట్టి ఐదుగురికి తక్కువైతే చెల్లదు. ఏడుగురు ఉన్నారు. కానివ్వండి" అన్నాడు.

నాగవ్వ తల ఎత్తింది. "సారూ, ఐదుగురు లేకుంటే?"

"కోరం ఉండదమ్మా. ఓటు ఉండదు."

ఆమె బాలప్ప వైపు, మత్తయ్య వైపు చూసింది. కొంగు దులుపుకొని లేచింది. "నడువుండ్రి" అన్నది. బాలప్ప వెంటనే లేచాడు. మత్తయ్య కాసేపు తటపటాయించి చెప్పులు చేతబట్టుకొని వాళ్ల వెనకే పోయాడు. పటేల్‌కు ఏం జరిగిందో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నాగీ, కూసో" అని గద్దించాడు. ఆమె అప్పటికే గడప దాటింది. కోరం లేదని నేను రాశాను, ఆఫీసరు సంతకం పెట్టాడు.

నెల లోపల తీర్మానం చేతికి రాకపోతే వేరే ఊరు చూసుకుంటానని సేట్ కబురు పెట్టాడు. ముగ్గురిలో ఒక్కరు దొరికినా పటేల్‌కు చాలు. అతని మనుషులు తెల్లవారకముందే ముగ్గురి ఇళ్లకూ పోయారు. ఇళ్లలో ఎవరూ లేరు. నాగవ్వ మందను ముందు పెట్టుకొని, ఇద్దరినీ వెంట తీసుకొని, మైసూరు రాష్ట్రం హద్దు దాటి చించోళి వైపు పోయింది. ఎండాకాలం కురుమలు మేతకు అటు పోవడం మామూలే కాబట్టి దారిలో ఎవరూ అడ్డగించలేదు. అక్కడి గొర్రెలవాళ్లు ఆమెకు తెలిసినవాళ్లే. "బా అవ్వా, కూడ్రు" అని కన్నడంలో పిలిచి, కూర్చోబెట్టి చోటిచ్చారు.

ఆ పైన జరిగింది మత్తయ్య నాకు చెప్పాడు.

గడువు దగ్గరపడుతుంటే పటేల్ స్వయంగా వెతుక్కుంటూ వచ్చాడు. లారీ పోయే దారి లేక బీడు వెంట నడిచాడు. చెమటతో అంగీ ఒంటికి అంటుకుపోయింది. వచ్చీరాగానే మెత్తగా మాట్లాడాడు.

"నాగవ్వా, సగం గుట్ట మీ గొర్లకే ఇడుస్త. కాగితం రాసిస్త. మత్తయ్యా, మీ వాడోళ్లందరికి గనిల పని ఇప్పిస్త. సాలదా?"

బాలప్ప వదిన వైపు చూశాడు. బేరం మంచిదే. మత్తయ్యకైతే ఇంకా మంచిది. వాళ్ల వాడలో సగం ఇళ్లకు పని లేదు.

నాగవ్వ అడిగింది: "బీరన్న ఎర్కేనా, పటేలా?"

"ఏ బీరన్న?"

పటేల్ నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడనీ, గుర్తు రాలేదనీ మత్తయ్య చెప్పాడు. ఆమె ముఖం అప్పుడు చూడలేకపోయానన్నాడు.

"గుట్ట కోసమనుకొని నీ ఎంబడి వస్తిని గదక్కా. నువ్వు నీ మొగని కోసమా?" అన్నాడు మత్తయ్య.

"అవును. గుట్ట మొత్తం ఇచ్చినా నేను రాను. నువ్వు పోతనంటే పో. నేను ఆపను."

మత్తయ్య పోదామనే అనుకున్నాడు. తలగుడ్డ చుట్టుకున్నాడు. పటేల్ నాలుక పిడచగట్టి ఉందని చూసి, చెట్టు కింది కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి తెచ్చి ముందు పెట్టాడు.

పటేల్ చెంబును చూశాడు. మత్తయ్యను చూశాడు. "బాలప్పా, నువ్వు ముంచి పొయ్యి" అన్నాడు.

మత్తయ్య ఆ నీళ్లు తనే తాగేశాడు. తలగుడ్డ విప్పి కింద పరుచుకొని దాని మీద కూర్చున్నాడు. "పటేలా, ఇగ నువ్వు పో" అన్నాడు.

బాలప్ప కూడా నీళ్లు పొయ్యలేదు. నాగవ్వ గొర్రెల దగ్గరికి పోయింది. పటేల్ వచ్చిన దారినే తిరిగి నడిచాడు. బీడు చివర మనిషి కనిపించినంతసేపూ ఆమె అటే చూస్తూ నిలబడిందట.

గడువు దాటింది. సేట్ కుల్కచర్ల వైపు ఇంకో ఊళ్లో గని పెట్టాడు. లారీ మా ఊళ్లోనే ఎండకు ఎండి, టైర్లు కూర్చుండిపోయాక తక్కువ ధరకు కొన్నవాళ్లు వచ్చి లాక్కుపోయారు. లారీలో వాటా ఉన్న బామ్మర్ది పటేల్‌కు ఎదురు తిరిగాడు. ఆ దసరా దాటగానే పటేల్ మీద అవిశ్వాసం పెట్టారు. ఆ రోజు నాగవ్వ అందరికంటే ముందొచ్చి పటేల్‌కు ఎదురుగా కూర్చుంది. చేతులెత్తమన్నప్పుడు ఆమె చెయ్యే మొదట లేచింది. నేను నాలుగు చేతులు లెక్క రాసుకున్నాక కూడా ఆమె చెయ్యి దించలేదు. పటేల్ కుర్చీలోంచి లేచేదాకా అట్లాగే పట్టుకుంది.

సాయంత్రం ఆమె పొట్టేలును కోయించి వాడకట్టుకంతా వండింది. నన్నూ పిలిచింది. మత్తయ్య ఆలస్యంగా వచ్చి, అందరి మధ్య కూర్చొని తిన్నాడు.

"మా వాడోళ్ల పని గా ఊరికి పోయిందక్కా. పొద్దుగాల లేచి అంత దూరం నడుస్తున్నరు" అన్నాడు మెల్లగా.

"ఎర్కే" అన్నది నాగవ్వ.

"మళ్ల గసొంటిది వస్తే?"

"మళ్ల గట్లనే లేస్త."

ఆమె గిన్నె దగ్గరికి జరుపుకొని మత్తయ్య విస్తట్లో ఇంకో ముక్క వేసింది.