గుట్ట కింది గుంటనక్క

పొద్దున చాయ తాగుకుంట ఫోన్ తెరిస్తే, మా అత్తగారింటోళ్ళందరున్న వాట్సాప్ గ్రూపుల మొట్టమొదలు కండ్లవడ్డది ఒక నక్క. ఒళ్ళంత ఎర్రటి బొచ్చు, మీసాల మీద మంచు పొడి, వెనక తెల్లటి కొండ. హిమాలయాల దిక్కు ఎక్కడనో, బిందెల నీళ్ళు గూడ గడ్డకట్టే చలిల మా షడ్డకుడు తీసిన ఫోటో అది. షడ్డకుడంటే మా ఇంటామె చెల్లెలి పెనిమిటి. భూపాలపల్లి బొగ్గుబాయిల కొలువు చేసి, రిటైరైనంక భుజానికి కెమెరా తగిలిచ్చుకొని పక్షుల ఎంట, నక్కల ఎంట దేశం తిరుగుతున్నడు. ఫోటో కింద వరుసగ చప్పట్లు, దండాలు, పూలు. మా ఇంటామె అయితే వంటింట్ల నుంచే మా మరిది మా మరిది అని ఒకటే మురుసుడు. నేను బొటనవేలు గుర్తు ఒకటి పెట్టి ఫోన్ బోర్లిచ్చిన. ఈ వయసుల ఈ కుళ్ళేందయ్యా అని మీరు నవ్వచ్చు. నవ్వుండ్రి, కడుపుమంటకు వయసుతోని ఏం పని?

కెమెరాల ఫిలిం రీలు ఎక్కిచ్చి, రీలుకు ముప్పై ఆరు బొమ్మలే తీసే కాలం చూసినోళ్ళకు నేను విడమర్చి చెప్పే అవసరం లేదు. మహబూబాబాద్ల, మా నోటికి ఇప్పటికీ అది మానుకోటనే, స్టేషన్ ఎదురు సందుల నాకో చిన్న స్టూడియో ఉండేది. దంతాలపల్లి నుంచి ఇటు నెల్లికుదురు దాకా ఎవలింట్ల పెండ్లయినా నేనే పోయేటోణ్ణి. పుష్యమాసంల ముహూర్తాలుండవు గద, సరిగ్గ ఆ నెలలనే ఉత్తరాది మంచుకొండలు దాటుకొని నెత్తి మీద నల్లగీతలున్న బాతులు మా చెరువులల్ల దిగేటియి, గులాబి రంగు గోరింకలు జొన్నచేన్ల మీద మబ్బు వట్టినట్టు వాలేటియి. చేతినిండ తీరిక, కెమెరాల మాత్రం అంతకుముందు జరిగిన ఆఖరి పెండ్లి రీలుల మిగిలిన రెండు మూడు బొమ్మలే. పిట్టల కోసం కొత్త రీలు ఎక్కిచ్చుడంటే ఆ రోజులల్ల పిచ్చి ముదిరిందనేటోళ్ళు. అందుకే ఒక్కో బొమ్మను పండుగ నాటి నెయ్యి లెక్క పొదుపుగ వాడుకునేది. మా అవ్వ చూసి చూసి, పెండ్లిళ్ళు లేని నెల గూడ పెండ్లికి పోయినట్టే తయారైతవేందిరా అని తిట్టేది.

బాతులు, గోరింకలు దొరికినయి గని, నా పానమంత ఒక గుంటనక్క మీదనే ఉండేది. నెల్లికుదురు దాటినంక తొవ్వ పక్కకు ఒక రాతిగుట్ట, ఆ గుట్ట కింద దాని బొక్క. పిల్లి కన్న జర పెద్దగ, తోక కొసకు సిరాల ముంచినట్టు నలుపు. గాలి ఎటు నుంచి కొడితే ఎటు కూసోవాలె, ఎంత దూరం పోతే చెవులు రిక్కిస్తది, ఎండ ఎర్రవడ్డంక ఏ రాయి మీదికొచ్చి ఒళ్ళు విరుసుకుంటది, అన్నీ చలికాలం ఎంట చలికాలం పోయి నేర్చుకున్నయే. నక్క మొకం చూస్తే కలిసొస్తదంటరు. నేను చూడని వారం లేదు, కలిసొచ్చింది మాత్రం ఏం లేదు. పొద్దుగూకే ఎండ మొకం మీద పడంగ అది నా కండ్లల్లకు సూటిగ చూడాలె, ఆ ఒక్క ఫోటో పెద్దగ చేపిచ్చి జనగామల మా మామ ఇంట్ల ముందటర్రల గోడకు పెట్టియ్యాలె, ఇదే నా కోరిక. భూములు, పెత్తనం ఉన్న మా మామకు చిన్నల్లుని, అంటే ఈ షడ్డకుని, కొలువు పదిమందిల చెప్పుకునే ముచ్చట, నేనేమో ఉత్త ఫోటోలాయనను. ఆ గోడ మీద నా బొమ్మ ఎక్కిన్నాడు నేనూ అల్లునిగ లెక్కకొస్తననుకున్న.

ఒక పుష్యమాసం ఆ మామనే కబురు పంపిండు, చిన్నల్లుడు కొత్త కెమెరా కొన్నడట, జర నీ నక్కను సూపియ్యమని. కాదంటనా? తోలుకపోయిన. తంగేడు పొద ఎనక ఇద్దరం బోర్ల పండుకున్నం. నక్క రానే వచ్చింది, రాయెక్కి ఒళ్ళు విరుసుకున్నది. నాకున్నయి మూడే బొమ్మలు, పైగ పెండ్లిళ్ళ అలవాటు. పుస్తె ముడివడే గడియ దాకా మీట మీద వేలుపెట్టి ఊపిరి బిగవట్టి చూసుడే గని ముందుగాల నొక్కుడు మా పనిల లేదు. పక్కన ఆయనేమో నిండు రీలు ఎక్కిచ్చుకొచ్చి అటుకులు బుక్కినట్టు టకటక నొక్కవట్టె. ఆ సప్పుడుకు నక్క చెవులు నిక్కబొడిచి, ఎర్రటి ఎండ మొకాన పడంగ, ఆయన దిక్కు సూటిగ చూసింది. ఇటు నా దిక్కు గూడ తిరుగుతదని నేను ఆగేలోపల బొక్కల దూరింది.

ఆ బొమ్మను పెద్దగ చేపిచ్చే పని, ఫ్రేము కట్టిచ్చే పని గూడ నాకే పడ్డయి, స్టూడియో ఉన్నది నాకే గద! అద్దం తుడుస్తుంటే కండ్లు మండినయి. చీమలు పెట్టిన పుట్టల పాములు చేరినట్టున్నది నా బతుకు అనుకున్న. జనగామల మామ ఆ ఫ్రేమును వచ్చినోళ్ళకల్ల చూపిచ్చుకుంట, నక్కతోక తొక్కి పుట్టిండు మా చిన్నల్లుడు అనేటోడు. షడ్డకుడు చెడ్డోడైతే తిట్టుకొని ఊకుందును. అన్ననే తోలుకపోయిండు, అన్న లేకుంటే నక్కేది అని ప్రతి ఒక్కరికీ చెప్పేటోడు, అది ఆయన మంచితనం ఖాతల పడేది గని నా కష్టం ఖాతల పడేది కాదు. ఆ మంచితనమే నాకు ఎక్కువ మండేది. వచ్చే చలికాలం చూసుకుంట అని ఎన్ని చలికాలాలు పోయిన్నో, ఆ చూపు మళ్ళ దొరకలేదు.

మామ కాలం చేసినంక ఆ ఫ్రేము ఎవలు అడగకుంటనే భూపాలపల్లికి, షడ్డకుని ఇంటికి పోయింది. కెమెరా ఫోన్లు వచ్చి నా స్టూడియో మూతపడ్డది. నెల్లికుదురు గుట్టను రాయి కోసే క్వారీ మింగింది. మొన్న ఆ దిక్కు ఒక పెండ్లికి పోతే ఆనవాలుకు గుట్ట కండ్లవడక, బస్సు ఎక్కడ దిగాల్నో తెల్వక ముందటి స్టేజి దాకా పోయిన. గుట్ట ఉన్నకాడ లోతు గుంత, పచ్చటి నీళ్ళు. నక్క సంగతి అడుగుతే పిలగాండ్లు నన్ను వింతగ చూసిండ్రు.

ఇయ్యాల మంచునక్కను చూసి ఎంతసేపు గింజుకున్ననో నాకే తెల్వదు. ఆఖరుకు ఫోన్ తీసి, మన పాత నక్క ఫోటో ఉంటే జర పంపు తమ్ముడూ అని షడ్డకునికి రాసిన. పుట్టి బుద్ధెరిగినంక ఆయనను నేను ఒకటి అడిగింది ఇదే మొదలు. నిమిషం గాకముందే గోడ మీది ఫ్రేమును ఫోన్ల పట్టి పంపిండు, కింద 'నీ నక్కనే అన్నా' అని రాసి. నా చూపు నక్క మీద ఆగలేదు. దాని ఎనక గుట్ట ఉన్నది, నిండుగ, మీది దొంతి రాళ్ళతోని, నెర్రెల మొలిచిన సీతాఫలం చెట్లతోని. అన్ని చలికాలాలు దాని ముందట కూసున్నోణ్ణి, నక్క ఉరుకుతది, బాతులు ఎగిరిపోతయి, గుట్ట ఎటు పోతదిలే అనుకొని దానికి ఒక్క బొమ్మ గూడ ఖర్చు పెట్టలేదు. ఇప్పుడు ఆ గుట్ట గూడ ఆయన ఇంట్లనే ఉన్నది.